పులస కోసం గోదారికి వెళ్తున్నారా? ఇవి మీకు తెలుసా?

అలాస్కాలోనో నార్వేలోనో సాల్మన్ పట్టడానికి వెళ్లేవాళ్లు ఏడాది ముందు నుంచే లెక్కలు వేసుకుంటారు. ఏ నది, ఏ వారం, ఏ లైసెన్సు, ఎవరి పడవ అని. కోకాపేట, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఆ వీడియోలు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకూ ఆ ముచ్చట ఉంది. అయితే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు మంచినీటికి ఎదురీదే చేప మన గోదావరిలోనే ఉంది. రాత్రి లింగంపల్లిలో రైలెక్కితే తెల్లారేసరికి దాని ఊళ్లో దిగుతాం. చేరడం తేలికే గానీ, సరైన రోజున చేరడం తేలిక కాదు. ఆ ప్రయాణం తలపెట్టేవాళ్ల కోసం ఈ సంగతులు.

సాల్మన్, పులస ఒకే పని చేస్తాయి గానీ చుట్టాలు కావని తెలుసా?

రెండూ మంచినీటిలో పుడతాయి, ఉప్పునీటిలో పెరుగుతాయి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికే వస్తాయి. పోలిక అంతవరకే. పులసకు చుట్టం మనం వేపుడు చేసుకునే కవళ్ల చేప. శాస్త్రంలో దీని పేరు టెన్యులోసా ఇలిషా. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఈ జాతే. సముద్రంలో దొరికితే మనవాళ్లు ఇలస అంటారు, గోదావరి నీళ్లెక్కితే పులస.

పసిఫిక్ సాల్మన్‌కు ఒక్కటే తిరుగు ప్రయాణం. గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే ఆడా మగా రెండూ చనిపోతాయి. పులస అలా కాదు. గుడ్లు వదిలి మళ్లీ సముద్రానికి పోగలదు, మరో ఏడు మళ్లీ రాగలదు. పెద్ద ఆడ చేప కడుపులో 10 లక్షలకు పైగా గుడ్లుంటాయి. పిల్లలు ప్రవాహంతో కిందికి జారి, నది సముద్రంలో కలిసే చోట కొన్ని నెలలు మేసి, ఆ తర్వాత కడలిలోకి వెళ్తాయి. ఎదురీదే పులసను కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలని నా కోరిక. అది మళ్లీ రాగల చేప.

పులసకు గాలం వేయరని తెలుసా?

చేపల వేటంటే చేతికర్ర, చక్రం, గాలం కొనడంతో మొదలుపెడతారు మన కుర్రాళ్లు. సాల్మన్ విషయంలో అది సరైనదే. నదిలోకి వచ్చాక సాల్మన్ తిండి మానేస్తుంది. అయినా కళ్ల ముందు ఏదైనా కదిలితే నోటితో అందుకుంటుంది. ఈకలతో కట్టిన దొంగ ఈగను నీళ్ల మీద ఆడించే ఆ ఆటంతా ఈ అలవాటు మీదే నడుస్తోంది.

పులస తిండి వేరు. నీటిని మొప్పల దగ్గరి సన్నని ముళ్లతో వడగట్టి, అందులో తేలే కంటికానని జీవాలనూ నాచునూ తింటుంది. ఎదురీదే రోజుల్లో ఆ కాస్త మేతా బాగా తగ్గిస్తుంది. వానపామును చూపించినా, రొయ్యను చూపించినా దానికి పట్టదు. కాబట్టి పులసకు వలే దారి. మత్స్యకారులు పడవ మీద నది మధ్యకు వెళ్లి, వలను అడ్డంగా జారవిడిచి, ప్రవాహంతో పాటు కిందికి వస్తారు. ఎదురు వచ్చే చేప వల కన్నులో తల దూరుస్తుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాబోతే మొప్పలు తగులుకుంటాయి.

అందుకని కోకాపేట నుంచి వెళ్లేవాళ్లు వేటగాళ్లుగా కాక చూడవచ్చిన చుట్టాల్లా వెళ్లాలి. వల మత్స్యకారుడిది, పడవ ఆయనది, నది తీరు తెలిసిందీ ఆయనకే. గంటలకొద్దీ వల లాగి ఒక్క చేపా పడకుండా రేవుకు తిరిగొచ్చే రోజులే వాళ్లకు ఎక్కువ. అది కళ్లతో చూసినవాళ్లు ఆ తర్వాత పులస ధర గురించి మాట్లాడే తీరు మారుతుంది.

నది ఎర్రబడనిదే పులస రాదని తెలుసా?

మన ప్రయాణాలన్నీ శనాదివారాలను బట్టి, సెలవులను బట్టి కుదురుతాయి. ఈ ప్రయాణం అలా కుదరదు. జూన్‌లో రుతుపవనాలు దిగి, పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల నీళ్లు గోదావరిలో కలిసి, మట్టితో ఎర్రబారిన వరద ధవళేశ్వరం దాటి సముద్రంలో పడాలి. దాన్నే గోదావరి జిల్లాల్లో ఎర్రనీరు అంటారు. ఆ నీరు సముద్రంలోకి తోసుకువెళ్లినప్పుడే ఇలసలు గుంపులుగా నదీముఖాల వైపు తిరుగుతాయి. సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు దాకా అదే కాలం. వానలు ఆలస్యమైతే పులసా ఆలస్యమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు పెరగడానికీ గుడ్లు పెట్టడానికీ ఇచ్చే వ్యవధి అది. నిషేధం ముగిసిన కొద్ది వారాలకే ఎర్రనీరు దిగుతుంది. అంటే నదిలోకి రావలసిన ఇలసలకు నదీముఖం చేరకముందే సముద్రం మీద వలలు ఎదురవుతాయి. పులస తగ్గడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

"బాబాయ్, వచ్చే శనివారం వస్తే దొరుకుతుందా?" అని ఫోన్లో అడిగితే రేవు నుంచి వచ్చే జవాబు ఇలాగే ఉంటుంది: "నీరు ఎర్రబడనివ్వండి బాబూ, నేనే చెప్తానండి." ఈ మాటను దాటవేత అనుకోకండి. ప్రయాణం ఎప్పుడో చెప్పగల కచ్చితమైన సమాచారం అదొక్కటే. టికెట్టు తీసుకునే ముందు భద్రాచలం నీటిమట్టం వార్తలు చూడండి. అక్కడ పెరిగిన నీరు ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరం చేరుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడిగి పెట్టుకోవాలి. పులస బాగా దొరికే రోజులూ శ్రావణమాసమూ చాలా ఏళ్లు ఒకే చోట పడతాయి. శ్రావణంలో నీచు ముట్టని ఇళ్లకు ఆషాఢమో భాద్రపదమో మిగులుతుంది.

కోకాపేటకూ గోదావరికీ ఉన్న నీటి చుట్టరికం తెలుసా?

కోకాపేటలో కురిసిన వాన మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో చేరుతుంది. అంటే మనది కృష్ణ వైపు నేల. అయినా హైదరాబాదు కుళాయిల్లోకి గోదావరి వస్తూనే ఉంది. నగరానికి పడమటి పక్క ఎన్నో కాలనీలకు దాహం తీర్చిన మంజీరా గోదావరికి ఉపనది, కందకుర్తి దగ్గర అందులో కలుస్తుంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నుంచి గోదావరి నీరు పైపుల్లో నగరానికి వస్తోంది.

నీరు వస్తుంది, చేప రాలేదు. ధవళేశ్వరం, పోలవరం, తుపాకులగూడెం, మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల, ఎల్లంపల్లి, శ్రీరాంసాగర్ అని వరసగా గోడలే. 1908 వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన మన గండిపేట కూడా ఒక నదికి అడ్డంగా కట్టిన గోడే. నగరాలు బతకడానికి అవి కావాలి, అందులో నాకు వాదం లేదు. నీళ్లకు తూములు పెట్టుకున్నంత శ్రద్ధగా చేపకు దారి పెట్టలేదన్నదే నా బాధ.

గౌతమి రైలు దింపేది గౌతమి పాయ విడిపోయే చోటికి దగ్గర్లోనే అని తెలుసా?

లింగంపల్లి నుంచి కాకినాడ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమహేంద్రవరం మీదుగా పోతుంది. కోకాపేట వాళ్లకు స్టేషన్ దగ్గరే. రోడ్డున అయితే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి విజయవాడ దారి పట్టాలి, మొత్తం 400 కిలోమీటర్ల పైమాటే.

ధవళేశ్వరం దాటాక నది పాయలవుతుంది. గౌతమి యానాం వైపు పోతుంది. వశిష్ఠ నరసాపురం మీదుగా అంతర్వేది చేరుతుంది. మధ్యలో వైనతేయ కోనసీమను చీల్చుకుంటూ పోతుంది. పులస పైకి వచ్చేది ఈ పాయల్లోనే. వెళ్లేవాళ్లు ఒక పాయను ఎంచుకుని అక్కడే ఉండడం మంచిది. ఒక్క రోజులో యానాం, రావులపాలెం, సిద్ధాంతం అన్నీ తిరిగితే కారు సీటు తప్ప ఇంకేం మిగలదు.

నన్నడిగితే యానాం పేరు చెబుతాను. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన ఈ ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. గౌతమి పక్కనే చేపల మార్కెట్, అక్కడ మత్స్యకార మహిళల వేలంపాట, నది మీద ఎదుర్లంకకు బాలయోగి వారధి. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వైపు పంటు ఎక్కితే నది వెడల్పు ఎంతో ఒంటికి తెలుస్తుంది. తిరుగు దారిలో ఆత్రేయపురం పూతరేకులు మరవద్దు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఏ అంకె వింటే ప్రయాణం ఆపుకోవాలో తెలుసా?

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలైతే మూడోది. భద్రాచలం దగ్గర ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులు దాటలేదు గానీ కోనసీమ లంకలు మునిగిపోవడానికి అదే చాలింది.

పులసను తెచ్చేది వరదే, మనిషిని ముంచేదీ వరదే. మొదటి హెచ్చరిక వచ్చిందంటే మత్స్యకారులే పడవలు కట్టేస్తారు. "కొంచెం ఎక్కువిస్తాం, ఒక్కసారి తిప్పు బాబాయ్" అని డబ్బు చూపించి అడగడం తప్పు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల లాంచీ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి సరదాగా వెళ్లినవాళ్లు ఉన్నారు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. లేదంటే ఎక్కకండి.

పులస దారికి 1852 నుంచి తలుపులు పడ్డాయని తెలుసా?

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేయించాడు. కరువుతో అల్లాడిన గోదావరి జిల్లాలు పచ్చబడ్డాయి. ఇప్పటికీ ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు పడుతున్నాయంటే ఊరికే కాదు. కానీ అంతకు ముందు వేల ఏళ్లుగా పులస ఎదురీదిన దారికి అడ్డంగా రాతిగోడ లేచింది కూడా అప్పుడే. కృష్ణలోకీ ఇలసలు ఎక్కేవి. 1855లో బెజవాడ ఆనకట్టతో ఆ దారీ మూసుకుంది.

ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదనుకోవద్దు. మద్రాసు వైద్య సర్వీసులో పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రజ్ఞుడు ఇండియా, బర్మాల మంచినీటి చేపల మీద 1873లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. నదుల మీది ఆనకట్టలు వలస చేపలను ఆపేస్తున్నాయని, వాటికి దారులు వదలాలని ఆయన గట్టిగా వాదించాడు. 150 ఏళ్లు దాటినా మనం ఇంకా అదే మాట అడుగుతున్నాం.

పాత ఆనకట్ట స్థానంలో 1970 నుంచి 1982 మధ్య ఇప్పటి బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో మొత్తం 175 గేట్లు. ఎండాకాలం నీరంతా డెల్టా కాలువలకే పోతుంది, గేట్ల కింద నది పాయలు సన్నబడతాయి. వరదకు గేట్లు లేపినప్పుడు మాత్రమే మంచినీటి వాసన సముద్రం దాకా పోతుంది. గేట్లు పూర్తిగా ఎత్తిన రోజుల్లో కొన్ని చేపలు ఆ ఉరవడిని కోసుకుని పైకి పోతాయి. మిగిలినవి బ్యారేజీ కిందే ఆగిపోతాయి. అక్కడే వలలు కాచుకుని ఉంటాయి.

గంగకూ ఇదే కథ. ఒకప్పుడు ఇలిష్ అలహాబాదు దాటి పోయేది. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక పై ఊళ్లవాళ్లకు దాని రుచి మాటల్లోనే మిగిలింది. ఇప్పుడు బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఫరక్కా పైన బతికున్న ఇలసలను వదులుతూ ఆ దారిని మళ్లీ కలపడానికి పాటుపడుతున్నారు. గోదావరికి అలాంటి పని ఇంకా ఎక్కువ అవసరం. ఇక్కడ చేపలే తగ్గిపోయాయి. నదీముఖాల్లో ఇసుక మేటలు, పిల్ల చేపను కూడా వదలని సన్నకన్ను వలలు, కాలువల్లో కలిసే మురుగు, చెరువుల మందులు అన్నీ కలిసి దాని మీదే పడ్డాయి.

ఉత్తరాది నదులు వేటకు తలుపులు మూస్తున్నాయని తెలుసా?

డబ్బుంటే అలాస్కా వెళ్లి సాల్మన్ పట్టి రావచ్చనుకుంటాం. యూకాన్ నదికి వెళ్తే కుదరదు. ఆ నదిలో రాజు సాల్మన్ మరీ తగ్గిపోవడంతో 2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా ప్రభుత్వాలు 7 ఏళ్ల పాటు దాని వేట ఆపేయాలని ఒప్పందం చేసుకున్నాయి. చేప ఒక పూర్తి తరం తిరగడానికి పట్టే కాలం అది. నది ఒడ్డున తరతరాలుగా దాని మీద బతికిన ఆదివాసీలు కూడా వల వేయకూడదు. నార్వే, ఫిన్లాండ్ సరిహద్దులోని తానా నదిలో 2021 నుంచి సాల్మన్ వేట ఆగింది. 2024 జూన్‌లో నార్వే సీజన్ మధ్యలోనే 33 నదులను మూసేసింది.

ఈ నిర్ణయాల వెనక లెక్క ఉంది. అలాస్కాలోని బ్రిస్టల్ బే నదుల ఒడ్డున బురుజులు కట్టి, మనుషులు వాటి మీద కూర్చుని, గంటకు 10 నిమిషాల చొప్పున కింద పోయే చేపలను కళ్లతో లెక్కిస్తారు. గుడ్లు పెట్టడానికి సరిపడా చేపలు పైకి చేరాయని తేలితేనే వేట. చేరకపోతే అప్పటికప్పుడు మూత. అలా కాపాడుకున్నారు కాబట్టే 2022లో అక్కడికి దాదాపు 7.9 కోట్ల సాకై సాల్మన్‌లు తిరిగొచ్చాయి. మన గోదావరి ఒడ్డున పులసను అలా లెక్కపెట్టే బురుజు ఒక్కటీ లేదు. ఏటా దొరికిన చేప ధరెంతో వార్తలొస్తాయి, ఎన్ని చేపలు పైకెక్కాయో రాదు.

ఆశ పెంచే కబురూ అటునుంచే వచ్చింది. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాములు 2024లో తీసేశారు. నెల తిరక్కుండానే, వందేళ్లకు పైగా సాల్మన్ జాడ లేని చోటికి అవి ఈదుకుంటూ వచ్చాయి. ధవళేశ్వరం తీసేయమని ఎవరూ అనరు. దారి ఇస్తే చేప వెతుక్కుంటూ వస్తుందన్న దానికి మాత్రం ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అమెరికాలో పులసకు చుట్టం ఉందని తెలుసా?

కోకాపేటలో ప్రతి అపార్టుమెంటు నుంచీ సియాటిల్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో ఉండే బిడ్డలుంటారు. వాళ్లకు ఈ కబురు చెప్పండి. షాడ్ అనే చేప పులస వంశానికి దగ్గరిది. అదీ సముద్రంలో పెరిగి నదికి ఎదురీదుతుంది, అదీ ముళ్ల పుట్టే. మొదట అది అమెరికా తూర్పు తీరానిదే. 1871లో సెత్ గ్రీన్ అనే చేపల పెంపకందారుడు హడ్సన్ నది షాడ్ పిల్లలను పాల డబ్బాల్లో పెట్టుకుని, రైల్లో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి తెచ్చి, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిలో వదిలాడు. దారిలో ఆ డబ్బాల నీళ్లు మారుస్తూ కాపాడుకొచ్చాడు. అవి తీరం వెంట ఉత్తరానికి పాకి కొలంబియా నదిలో లక్షలయ్యాయి. 2019లో బోన్‌విల్ డ్యామ్ చేపల మెట్లు ఎక్కిన షాడ్‌లు 70 లక్షలు దాటాయి.

షాడ్‌కు మాత్రం గాలం పనిచేస్తుంది. జూన్‌లో బోన్‌విల్ డ్యామ్ కింద నిలబడి చిన్న ఎరతో పట్టుకోవచ్చు. లైసెన్సు తప్పనిసరి, రోజుకిన్నే అన్న పరిమితి లేదు. అమెరికాలోని బెంగాలీలు ఇలిష్ దొరకని చోట దీన్నే వండుకుంటారు. మన చింతపండు పులుసులోనూ బాగుంటుంది. ఆ ఊళ్లలో ఉండే పిల్లలను ఇసాక్వా చేపల కేంద్రానికో, సియాటిల్ బల్లార్డ్ లాకులకో తీసుకెళ్లండి. బల్లార్డ్‌లో 21 మెట్లుగా కట్టిన నీటి దారిలో సాల్మన్ ఎగిరి ఎగిరి ఎక్కుతుంటే అద్దం ఇవతల నుంచి చూడవచ్చు. కాంక్రీటు కట్టిన నదిలోనూ చేపకు మెట్లు కట్టవచ్చని పిల్లలకు మాటల్లో చెప్పనక్కర్లేదు.

బతికున్న పులసను ఏ మార్కెట్లోనూ అమ్మరని తెలుసా?

వల నుంచి తీసిన కాసేపటికే పులస చచ్చిపోతుంది. కొర్రమేనులా తొట్టిలో ఈదుతూ ఉండదు. చెరువుల్లో పెంచడం ఇంతవరకూ కష్టమైందీ అందుకే. కాబట్టి తాజాదనం చూడాల్సింది కంట్లో, మొప్పల్లో. కళ్లు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా ఉండాలి.

మీరు కొన్నది నిజంగా గోదావరి పులసేనా?

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఈ చేపకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పలేను. యానాం వేలంపాటల్లో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటిన సందర్భాలు పత్రికల్లో వచ్చాయి. అంత ధర ఉన్న చోట మోసం ఉంటుంది. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే ఇలసలు, సముద్రం మీద పట్టినవి గోదావరి గట్టున పులసలుగా అమ్ముడవుతున్నాయి. జాతి ఒకటే కాబట్టి చూపుకు తేడా తెలియడం కష్టం. నదిలో కొన్నాళ్లు ఈదిన చేప పొలుసు మీద వెండి మెరుపు తగ్గి కాస్త బంగారు, ఎరుపు ఛాయ వస్తుందని రేవు వాళ్లు చెబుతారు. ఆ గుర్తు పట్టడానికి ఎన్నో చేపలు చూసిన కన్ను కావాలి. మనకున్న దారి ఒకటే. వల లాగిన మనిషి దగ్గరే, రేవులోనే కొనడం.

హైదరాబాదులో రామ్‌నగర్ మార్కెట్‌కు వచ్చేదీ ఐసు మీద వచ్చేదే. ఎకరం 100.75 కోట్లకు 2023 ఆగస్టు వేలంలో అమ్ముడైన కోకాపేటలో చేప ధరకు వెనకాడేవాళ్లు తక్కువే. అసలైనదాన్ని గుర్తుపట్టి ఇచ్చే మనిషి ఇక్కడ దొరకడు.

పులుసు మర్నాటికే బాగుంటుందని తెలుసా?

ఇది తెలియని గోదావరి ఇల్లు లేదు, చెప్పడం మన ఊరివాళ్ల కోసం. మట్టి దాక, కట్టెల పొయ్యి, సన్నని సెగ. చింతపండు పులుసులో బెండకాయలు, పచ్చిమిరపకాయలు, పైన ఆవకాయ నూనె. గరిట పెట్టరు, దాకను పట్టుకుని తిప్పుతారు. రాత్రి వండి పొద్దున తింటారు. ముక్కలో కొవ్వు, పులుసులో పులుపు రాత్రంతా కలిసి మెత్తబడతాయి. ముళ్లు సన్నం, ఎక్కువ. పిల్లలకు మీరే వలిచి పెట్టండి. హైదరాబాదుకు పచ్చి చేపను ఐసులో తేవడం కన్నా అక్కడే వండించుకుని పులుసుగా తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ఒక మాట అడగవచ్చా?

బంగ్లాదేశ్ ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిష్ వేట, అమ్మకం, రవాణా అన్నీ ఆపేస్తుంది. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లలోపు పిల్ల చేపను పట్టడం అక్కడ నేరం. వేట ఆపిన రోజుల్లో మత్స్యకారుల ఇళ్లకు బియ్యం ఇస్తుంది. అలా చేసిన దేశం 2022-23లో 5 లక్షల టన్నులకు పైగా ఇలిష్ పట్టుకుంది.

మనం చేయగలిగింది కూడా ఉంది. గోదావరికి వెళ్లండి, మత్స్యకారుడికి తగిన ధర ఇచ్చి ఒక్క చేప కొనండి, అందరూ కలిసి తినండి. జానెడు పిల్ల ఇలసను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి, ఎందుకు కొనడం లేదో అమ్మే ఆవిడకు చెప్పండి. జన (కడుపులో గుడ్లు) ఉన్న చేపే కావాలని పట్టుబట్టకండి. ఇంటికొచ్చాక ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖకు ఒక ఉత్తరం రాయండి: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర చేపలకు దారి కావాలని, గుడ్లు పెట్టే రోజుల్లో కొన్నాళ్లు వేట ఆపి మత్స్యకారులకు భృతి ఇవ్వాలని, ఏటా ఎన్ని పులసలు పైకెక్కుతున్నాయో లెక్కపెట్టాలని. ఈ మూడూ ఇతర దేశాల్లో జరుగుతున్న పనులే.